మనిషిని పంపేవారి పూచీ

వైద్యశాలలో రోగికి జరిగే చికిత్సను గురించి మన పత్రికలలోను, సభలలోను చర్చ జరుగుతూనే ఉంటుంది. వైద్యుని నిర్లక్ష్యం వార్త అవుతుంది. మందుల ధర చట్టసభలో ప్రశ్న అవుతుంది. కాని డిశ్చార్జి కాగితం చేతికిచ్చి, "ఇక ఇంటివద్ద చూచుకోండి" అని పంపివేసిన తరువాత, ఆ ఇంటిలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి జరిగే సంరక్షణను గురించి మాట్లాడేవారు అరుదు. అక్కడ సాక్షులు ఉండరు. ఒక మంచం, మంచం మీద ఒక మనిషి, ప్రక్కన జీతానికి వచ్చిన మరొక మనిషి. ఆ రెండవ మనిషిని అక్కడికి పంపినవారు వేరొకచోట, ఒక ఫోను ముందు కూర్చుని ఉంటారు. ఈ వ్యాసం ఆ పంపినవారిని గురించి.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరువది ఏండ్లు దాటినవారు దాదాపు 10 కోట్ల 38 లక్షలు, అనగా మొత్తం జనాభాలో 8.6 శాతం. ఆ తరువాత ఆ సంఖ్య పెరిగిందే గాని తగ్గలేదు. పిల్లలు బెంగుళూరులోనో, దుబాయిలోనో, డల్లాసులోనో ఉంటారు. ఊరిలో ఉన్న కోడళ్లు, కూతుళ్లు ఉద్యోగస్థులు. కనుక హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో "హోం కేర్", "హోం నర్సింగ్ బ్యూరో", "పేషెంట్ కేర్ సర్వీసెస్" అన్న బోర్డులు వెలసినవి. జనం వాడుకలో ఇవన్నీ ఏజెన్సీలే. వాటిని నడిపేవారిని ఈ వ్యాసంలో నిర్వాహకులు అని వ్యవహరిస్తాము. వారిలో స్త్రీలు కూడా ఎందరో ఉన్నారు. ఒకరిని గురించి ముందు చెప్పబోతున్నాము.

మేము ఇద్దరు అన్నదమ్ములం, ఒక సోదరి. ముగ్గురమూ ఈ కళాశాలలో చదువుకున్నవాళ్లమే. ఒకరు కామర్సు చదివి లెక్కల ఉద్యోగంలో ఉన్నారు, ఒకరు ఉర్దూ ఉపాధ్యాయులు, సోదరి న్యాయవాది. వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినపుడు, గత రెండేండ్లుగా మా ఇంటిలో మేము చూచినదానినే వ్రాయడం మేలని తోచింది. ఈ కళాశాలలో చదువుతున్న విద్యార్థినులలో కొందరు రేపు నర్సింగు వైపు పోతారు. కామర్సు విద్యార్థులలో ఎవరో ఒకరు రేపు ఇటువంటి ఏజెన్సీయే పెడతారు. పెట్టబోయేవారి చెవిని వేయవలసిన మాటలు కొన్ని ఉన్నవి.

మా ఫుప్ఫూకు, అనగా మా తండ్రిగారి అక్కగారికి, పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవి. మాట సగం పోయింది. మిగిలిన సగంలో దక్కనీ ఉర్దూ మాత్రమే నిలిచింది. జీవితమంతా కూరగాయల బండి వారితో, పాలవానితో చక్కని తెలుగు మాట్లాడిన మనిషికి ఆ తెలుగు కాస్తా తుడిచిపెట్టుకుపోయింది. ముక్కునుండి కడుపులోకి ఆహారపు గొట్టం, మూత్రానికి మరొక గొట్టం, దానికి తోడు చక్కెర వ్యాధి, పూటపూటకూ ఇన్సులిన్. ఇటువంటి రోగిని రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పాలి. లేకుంటే వీపున, నడుము క్రింద పుండ్లు పడతాయి. గొట్టంలో ఆహారం పోసేటపుడు తలవైపు ఎత్తుగా ఉంచి, పోసిన తరువాత కూడా కొంతసేపు అట్లే ఉంచాలి. పడుకోబెట్టి పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇవన్నీ పెద్ద శాస్త్ర రహస్యాలు కావు. కాని తెలిసినవారికి, తెలియనివారికి నడుమ ఉన్న దూరం ఒక ప్రాణమంత.

మేము ఒక ఏజెన్సీకి ఫోను చేసి నర్సు కావాలన్నాము. మరునాటి ఉదయం తెల్లని కోటు ధరించి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏండ్లుంటాయి. ఆమెతోపాటు ఏజెన్సీ మనిషి ఒకరు ఆంగ్లంలో అచ్చయిన నాలుగు పుటల ఒప్పంద పత్రం తెచ్చినాడు. "ట్రెయిన్డ్ నర్స్" అని అందులో ఉన్నది. మా సోదరి వృత్తిరీత్యా, "రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషను సంఖ్య ఎంత?" అని అడిగింది. ఏజెన్సీ మనిషి, అది ఆఫీసులో ఉంటుందని చెప్పి వెళ్లిపోయినాడు. అతడు గేటు దాటగానే ఆ అమ్మాయి మెల్లగా, "అక్కా, నేను నర్సును కాను. పది తప్పినాను. ఒక ఆసుపత్రిలో ఆయాగా ఎనిమిది నెలలు చేసినాను. తిప్పడం, తుడవడం, డైపరు మార్చడం వచ్చు. గొట్టంలో పోయడం చూచినాను గాని చేయలేదు. సూది నన్ను వేయమనకండి" అన్నది. నర్సునని చెప్పుకోమని ఆఫీసులో చెప్పి పంపినారట.

ఆ అమ్మాయి పట్ల మాకు ఆనాడు కలిగిన గౌరవం ఈనాటికీ తగ్గలేదు. ఆ నాలుగు పుటల కాగితంలో లేని నిజం ఆమె నోట వచ్చింది. ఆ నిజం చెప్పవలసినది నిర్వాహకుడు. చెప్పినందుకు పని పోతుందేమోనన్న భయం మాత్రం ఆమెది.

మన దేశంలో నర్సు అన్న మాటకు చట్టంలో ఒక అర్థం ఉన్నది. ఏ.ఎన్.ఎం., జి.ఎన్.ఎం., బి.ఎస్‌సి. నర్సింగు అన్నవి గుర్తింపు పొందిన చదువులు. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం మొదలుకొని 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వరకు, ఆ చదువు చదివి రిజిస్టరులో పేరు ఎక్కించుకున్నవారికే ఆ వృత్తి అన్నది మూలసూత్రం. అటెండెంటు లేక ఆయా అన్నది వేరు పని. అది తక్కువ పని అని మేము అనడం లేదు. నిజానికి మంచాన పడ్డ మనిషికి రోజులో ఇరవై గంటలు అవసరమయ్యేది ఆ పనే. కాని తెల్లకోటు తొడిగి ఒకదాని పేరు మరొకదానికి పెట్టడం నిర్వాహకుడు ఇద్దరికి చేసే ద్రోహం. రోగికి తెలియని చేత చికిత్స జరుగుతుంది. ఆ అమ్మాయి తనకు రాని పనికి జవాబుదారీ అవుతుంది. రేపు సూది వికటించి ప్రాణం పోతే, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను, అనగా నిర్లక్ష్యం వలన మరణం కలిగించిన నేరం, ముందుగా వెదికేది సూది పట్టిన చేతినే.

ఇక చట్టం సంగతి. ఇక్కడ మా సోదరి మాకు చూపిన ఒక విచిత్రాన్ని మనవి చేయాలి. మా వీధి చివర అపార్ట్‌మెంటు ఉన్నది. దాని గేటు వద్ద నిలబడే కాపలావానిని పంపే ఏజెన్సీకి 2005లో ప్రత్యేకంగా ఒక కేంద్ర చట్టమే వచ్చింది. దాని ప్రకారం ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి; పంపే మనిషి నడవడిని, పూర్వాపరాలను విచారించాలి; అతనికి శిక్షణ ఇప్పించాలి; వయసుకు హద్దులున్నవి; నియమం తప్పితే లైసెన్సు రద్దు కాగలదు. అదే అపార్ట్‌మెంటు మూడవ అంతస్తులో, మాట రాని ముసలిదాని పడకగదిలోకి మనిషిని పంపే ఏజెన్సీకి అటువంటి ప్రత్యేక కేంద్ర చట్టం ఏదీ లేదు. గేటు బయట నిలబడేవానికి ఉన్న కట్టుదిట్టం గుండెల మీద చెయ్యి వేసి లేవనెత్తేవారికి లేకపోయింది.

పార్లమెంటుకు ఈ సంగతి తట్టలేదని అనలేము. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దానిని సవరించడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు, వృద్ధులకు ఇంటివద్ద సంరక్షణ అందించే సంస్థలను కూడా నమోదు పరిధిలోకి తేవాలని ప్రతిపాదించింది. అది స్థాయీ సంఘానికి వెళ్లింది. 2024లో 17వ లోక్‌సభ కాలం ముగియడంతో బిల్లు మురిగిపోయింది.

అంతమాత్రాన నిర్వాహకులు చట్టానికి అతీతులని అనుకోరాదు. వారికి వర్తించే చట్టాలు చాలా ఉన్నవి. ఒకచోట లేవు, అంతే. వాటిలో మమ్ములను మిక్కిలి ఆశ్చర్యపరచినది 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 491వ సెక్షను. బాల్యం వలన గాని, మతిస్థిమితం లేకపోవడం వలన గాని, వ్యాధి వలన గాని తనను తాను కాపాడుకోలేని మనిషికి సేవ చేస్తామని చట్టబద్ధంగా ఒప్పందం చేసుకొని, బుద్ధిపూర్వకంగా ఆ సేవ మానివేయడం నేరమని అది చెప్పింది. దాని ఇరుప్రక్కలా 490, 492 అని రెండు సెక్షనులు ఉండేవి. అవి ప్రయాణం నడుమ పని వదలిపోయిన బోయీలను, దూరప్రాంతాలకు తీసుకొనిపోగా పారిపోయిన పనివారిని శిక్షించడానికి ఉద్దేశించినవి. ఒప్పందం తప్పినంత మాత్రాన కూలివానిని జైలుకు పంపడం అన్యాయమని గుర్తించి 1925లో ఆ రెండింటిని రద్దు చేసినారు. నడుమనున్న 491 మాత్రం చెక్కుచెదరలేదు. క్రొత్త సంహితలో అది 357వ సెక్షనుగా కొనసాగుతున్నది. శిక్ష మూడు నెలల వరకు ఖైదు, లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2007 చట్టంలోని 24వ సెక్షను ప్రకారం, తమ సంరక్షణలో ఉన్న వృద్ధులను పూర్తిగా వదిలించుకొనే ఉద్దేశంతో ఎక్కడో విడిచిపెట్టినవారికి కూడా సరిగ్గా ఇంతే శిక్ష. అనగా కన్నవారిని వదలిన కొడుకును, సేవకు ఒప్పుకొని మానినవారిని చట్టం ఒకే తక్కెడలో తూచింది.

ఆ 357వ సెక్షనులో ఒప్పందానికి బద్ధులైనవారు ఎవరు? మా ఇంటి విషయంలో సంతకం పెట్టినది ఆ అమ్మాయి కాదు, ఏజెన్సీ. పండుగకు ఆమె ఊరికి పోయి, బదులు మనిషిని పంపకపోతే ఒప్పందం తప్పినది ఎవరు? ఆ సెక్షను సంస్థ నడిపేవారి వరకు పోతుందా అన్నది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. కాని బుద్ధిమంతుడైన నిర్వాహకుడు ఆ తీర్పు కోసం ఎదురుచూడడు.

మా ఒప్పంద పత్రంలోని ఏడవ పేరా మరీ గడుసుది. సంస్థ కేవలం మధ్యవర్తి అని, పంపిన వ్యక్తి చేసిన ఏ పనికీ, చేయని ఏ పనికీ సంస్థ బాధ్యత వహించదని అందులో ఉన్నది. పెండ్లి సంబంధం కుదిర్చినవారు కూడా ఇంతకన్న ఎక్కువ పూచీ పడతారు. జీతం నిర్ణయించేది ఏజెన్సీ, వసూలు చేసేది ఏజెన్సీ, మనిషిని మార్చేది ఏజెన్సీ, కోటు కుట్టించి ఇచ్చినది ఏజెన్సీ. నష్టం వచ్చినపుడు మాత్రం మధ్యవర్తి! వైద్యసేవ వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 2004లో మరొక కేసులో, వైద్యుడు జీతానికి ఉన్నాడా, ఒప్పందం మీద వచ్చి పోతున్నాడా అన్న భేదం చూపి వైద్యశాల తన బాధ్యతనుండి తప్పుకోజాలదని చెప్పింది. ఆ తీర్పులు వైద్యశాలలను గురించినవే. అయినా డబ్బు తీసుకొని మనిషిని పంపిన సంస్థ ఒక్క పేరా అచ్చు వేసుకున్నంత మాత్రాన బయటపడగలదని అనుకోవడం అత్యాశ. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాలను ప్రశ్నించే హక్కు కూడా ఇచ్చింది. ఏడవ పేరాను మా సోదరి ఎర్ర సిరాతో కొట్టివేసి పంపింది. పత్రం తిరిగి రాలేదు.

ఇంతవరకు రోగి పక్షాన మాట్లాడినాము. నిర్వాహకుని బాధ్యతలో రెండవ సగం పంపబడిన మనిషి పట్ల. విచారకరమైన సంగతి ఏమిటంటే, డబ్బు చెల్లించే కుటుంబాలు ఈ సగాన్ని అడగవు. కనుక నిర్వాహకులు దీనిని తేలికగా మరచిపోతారు.

ఏజెన్సీల భాషలో "ఇరవై నాలుగు గంటల డ్యూటీ" అన్న మాట ఉన్నది. లెక్కల ఉద్యోగం చేసే మా అన్నగారు దానిని కాగితం మీద వేసి చూచినారు. రెండు గంటలకొకసారి తిప్పడమంటే రోజుకు పన్నెండుసార్లు. నెలకు మూడువందల అరువదిసార్లు. రాత్రి పది గంటలు, పన్నెండు గంటలు, రెండు గంటలు, నాలుగు గంటలు. ఒకే మనిషి ముప్పది రాత్రులు ఇట్లా లేవగలదా? లేవలేదు. అప్పుడు ఆమె లేచినట్లు పుస్తకంలో వ్రాస్తుంది. వ్రాయక ఏం చేస్తుంది? చేయలేని పనిని ఒప్పుకొని మనిషిని పంపిన నిర్వాహకుడు, ఆ అబద్ధపు వ్రాతకు మొదటి అక్షరం తానే దిద్దినాడన్నమాట. 1948 నాటి కనీస వేతనాల చట్టమైనా, దాని స్థానంలో తెచ్చిన 2019 నాటి వేతనాల స్మృతి అయినా, పని గంటలకు హద్దు, వారానికొక విశ్రాంతి దినం, అదనపు పనికి అదనపు వేతనం అన్న సూత్రాలను అంగీకరించినవే. "ఇంటిలోనే ఉంటుంది కదా, మధ్యమధ్య పడుకుంటుంది" అన్న సమాధానం వింటూంటాము. ప్రక్క మంచం మీద ఒకరి మూలుగు వింటూ పడుకోవడం విశ్రాంతి అని ఆ మాట అనేవారు ఒక్క రాత్రి చేసి చూచి చెప్పవలసింది.

ఆ అమ్మాయి పదవ తరగతి మార్కుల కాగితం, ఆధార్ కార్డు అసలు ప్రతులు ఏజెన్సీ బీరువాలో ఉన్నవని మాకు తరువాత తెలిసింది. ఊరి నుండి వచ్చేటపుడు బస్సు ఖర్చులకు, ఇంటి అప్పుకు కొంత అడ్వాన్సు ఇచ్చినారట. అది తీరేవరకు వేరొకచోట పని చేయరాదట. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినపుడు పొలాలలోని జీతగాండ్రను, ఇటుక బట్టీలను మనసులో పెట్టుకొని చర్చించినారు. కాని అప్పు ఇచ్చి, దానికి బదులుగా వేరొకచోట పని చేసుకొనే స్వేచ్ఛను లాక్కోవడం ఎక్కడ జరిగినా ఆ చట్టానికి దగ్గరగా వచ్చే విషయమే. తెల్లకోటు తొడిగినంత మాత్రాన దాని స్వభావం మారదు.

అపరిచితుల ఇండ్లకు ఆడపిల్లలను పంపే పని ఇది. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం, నివాసగృహాన్ని కూడా పనిచోటుగానే లెక్కించింది. పదిమంది, అంతకు మించి పనివారున్న యజమాని అంతర్గత కమిటీని నియమించాలి. అంతకన్న చిన్న సంస్థలకు జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. మేము అడిగిన ముగ్గురు అమ్మాయిలలో ఒక్కరికి కూడా అటువంటి కమిటీ ఉంటుందన్న మాట తెలియదు. ఒకామె మాత్రం నవ్వి, "ఇల్లు నచ్చకపోతే సార్‌కు చెబుతాం అన్నా. వేరే ఇల్లు దొరికేదాకా జీతం ఉండదు" అన్నది.

మరొక చిన్న సంగతి. చిన్నదని అందరూ అంటారు గనుక అంటున్నాము. మొదటి ఏజెన్సీ వారు హాజరుకు నిదర్శనంగా ప్రతి ఉదయం రోగితో కలిసి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టమనేవారు. ఆ గ్రూపులో వారి పనివారందరూ ఉంటారు. పరాయివారి ఎదుట తలమీద కొంగు తీయని మా ఫుప్ఫూ, ముక్కున గొట్టంతో, చెదరిన జుట్టుతో, ఎవరో ఎరుగని నూటయాభై మంది ఫోనులలో తిరిగింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టం చేసింది. ఆ చట్టం ఉన్నా లేకపోయినా, మాట పడిపోయిన మనిషి తన ఫోటో వద్దని చెప్పలేదు కనుక తీయవచ్చునని ఏ ధర్మమూ చెప్పదు. ఆ అమ్మాయికే రెండవ నాడు మనసొప్పక, కిటికీ ముందు తన ఒక్కదాని ఫోటో తీసి పంపడం మొదలుపెట్టింది. హాజరు కోసిన మాట కూడా నిజమే.

మా మేనమామ కుమారుడు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటాడు. ఫుప్ఫూ వైద్యానికి డబ్బు పంపుతూ, అక్కడి పద్ధతిని గురించి ఫోనులో చెప్పేవాడు. దూరపు కొండలు నునుపన్న సామెత మేము ఎరిగినదే కనుక, మా సోదరి అక్కడి నిబంధనలను తెప్పించి చదివింది. మెడికేర్ అన్న ప్రభుత్వ పథకం నుండి డబ్బు పొందే ఇంటివైద్య సంస్థలకు వర్తించే నియమాలవి. నిర్వాహకుడు అన్నవాడు వాటిలో పేరుతో సహా నిలబడవలసిన మనిషి. సంస్థ పాలకవర్గం అతనిని నియమించాలి. రోజువారీ పనులన్నిటికీ అతడే పూచీ. సంస్థ పనిచేసే వేళలలో అతడు గాని, అతడు ముందుగా నియమించినవారు గాని అందుబాటులో ఉండాలి. ఆయా పనికి కనీసం 75 గంటల శిక్షణ, ఆ తరువాత ఏటా 12 గంటలు. నర్సు సేవ కూడా పొందుతున్న రోగి ఇంటికి పర్యవేక్షక నర్సు సాధారణంగా 14 రోజులకొకసారి వెళ్లి ఆయా పనిని చూచి రావాలి. అక్కడ మోసాలు లేవని మేము అనుకోవడం లేదు. కాని అక్కడ నర్సు 14వ రోజున రాకపోతే అది తప్పు అని చూపడానికి ఒక వాక్యం ఉన్నది. మాకు 45 రోజులలో ఎవరూ రాలేదు. రాలేదని ఫిర్యాదు చేయడానికి ఆధారంగా చూపగల వాక్యం లేదు.

46వ రోజున మేము ఏజెన్సీ మార్చినాము.

రెండవ ఏజెన్సీ నడిపేది ఒక పెద్దావిడ. ప్రభుత్వ వైద్యశాలలో స్టాఫ్ నర్సుగా పదవీవిరమణ చేసినవారు. ఆఫీసు అంటే వారి ఇంటి ముందు గదే. మేము ఫోను చేసినపుడు మనిషిని పంపుతామని వెంటనే అనలేదు. ముందు తాము వచ్చి రోగిని చూడాలన్నారు. వచ్చినారు. డిశ్చార్జి కాగితం మొత్తం చదివినారు. మంచం ఎత్తు చూచి, క్రింద ఇటుకలు పెట్టించి తలవైపు లేపించినారు. ఆ తరువాత ఫుప్ఫూ ప్రక్కన కూర్చుని, ఉర్దూలో, "ఆపా, మీ ఒంటిమీద ఎవరు చెయ్యి వేస్తే మీకు ఇష్టమో మీరు చెప్పాలి. వారం చూడండి, నచ్చకపోతే ఎడమ చెయ్యి ఇట్లా ఊపండి, మార్చేస్తాను" అన్నారు. రోగం వచ్చిన తరువాత ఫుప్ఫూను ఆమె ఇష్టం అడిగినవారు, వైద్యులతో సహా, ఎవరూ లేరు. ఫుప్ఫూ ఎడమ చెయ్యి ఎత్తి ఆవిడ చెంప తాకింది.

మేము సంతోషించి రేపే పంపమన్నాము. ఆవిడ తల అడ్డంగా ఊపినారు. "గొట్టం పని తెలిసిన మనిషి ఇద్దరే ఉన్నారమ్మా నా దగ్గర. ఇద్దరూ పనిలో ఉన్నారు. పది రోజుల తరువాత ఒకామె ఖాళీ అవుతుంది. లేని మనిషిని ఉన్నదని నేను చెప్పలేను" అన్నారు. ఆ పది రోజులు మాకు కష్టమే అయినది. అయినా చేతికి వచ్చిన డబ్బును వద్దనుకొనే ఆ మాట ఏ చట్టమూ ఆవిడ చేత అనిపించినది కాదు. నర్సింగు చదివే మన విద్యార్థినులు ఇంజెక్షను వేయడం ఎట్లాగూ నేర్చుకుంటారు. ఈ మాట అనడం ఎక్కడ నేర్పుతారో కళాశాల పాలకవర్గం వారు ఆలోచించవలసి ఉన్నది.

పదకొండవ నాడు ఆవిడ, వచ్చిన మనిషి, మేము కూర్చుని ఒప్పందం వ్రాసుకున్నాము. ఆంగ్ల పత్రం ఒకటి ఉన్నది గాని, ఆవిడ దానిని ప్రక్కన పెట్టి, తెలుగులో ఒక కాగితం, ఉర్దూలో ఒక కాగితం వ్రాయించినారు. పనిచేసే ఆమె తెలుగు చదువుతుంది. మా అమ్మ ఉర్దూ చదువుతుంది. ఎవరు ఏమి ఒప్పుకున్నారో ఇద్దరికీ తెలియాలి గదా అని ఆవిడ వాదం. చేయవలసిన పనులు పదునాలుగు, చేయకూడనివి ఆరు. ఇన్సులిన్ చేయకూడని వాటిలో ఉన్నది. అది వేయడానికి పూటకొకసారి రిజిస్టర్డ్ నర్సు వచ్చి పోతుంది, లేదా వైద్యుడు నేర్పినట్లు ఇంటివారు వేయాలి. ఇంటిల్లిపాదికీ వంట కూడా చేయకూడని వాటిలోనే ఉన్నది. రోగి జావ మాత్రం ఆమెది. ఒళ్లు ఎర్రబడినా, జ్వరం వచ్చినా, గొట్టం జారినా రాత్రి ఏ వేళనైనా ఎవరికి ఫోను చేయాలో సంఖ్యతో సహా వ్రాసి, గోడకు అంటించినారు. మొదటి సంఖ్య ఆవిడదే. ఏజెన్సీ ఎంత తీసుకుంటుందో, ఆమెకు ఎంత చేరుతుందో రెండూ ఆ కాగితం మీద ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఆమె సర్టిఫికెట్ల నకళ్లు చూపి, అసళ్లు ఆమె సంచిలోనే పెట్టించినారు.

ఇరవై నాలుగు గంటల డ్యూటీకి ఆవిడ ఒప్పుకోలేదు. రెండవ మనిషిని పెట్టే స్తోమత మాకు లేదన్నాము. కొంతసేపు కాగితం వంక చూచి, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఇంటివారు చూచుకొనేటట్లు, పనిచేసే ఆమె వేరే గదిలో తలుపు వేసుకొని పడుకొనేటట్లు వ్రాయించినారు. గురువారం సెలవు. గురువారం ఉదయం నుండి శుక్రవారం ఉదయం వరకు పన్నెండుసార్లు తిప్పడం మా ముగ్గురి వంతు, తలా నాలుగు. మా తమ్ముడు ఉపాధ్యాయుడు గనుక ఉదయం బడికి పోవాలి, అతనికి సాయంకాలపు నాలుగు పడినవి. రాత్రి రెండు గంటల వంతు మా సోదరిది. ఆ వేళకు ఫుప్ఫూ మేలుకొనే ఉంటుంది. గురువారం పనిచేసే ఆమె లేదని ఆమెకు తెలుసు, తలుపు వైపు చూచి, సగం మాటతో, "ఛోరీ ఖాయీ క్యా?" అని, ఆ పిల్ల తిన్నదా అని, ప్రతి వారమూ అడుగుతుంది.